వారసత్వ కట్టడాల దగ్గర రద్దీ: ధర పెంచాలా, సంఖ్య కట్టాలా?

2022 జూన్ మొదట్లో ఇండోనేషియా ప్రభుత్వం ఒక ప్రకటన చేసింది. జావా ద్వీపంలోని బోరోబుదూర్ మహాస్తూపం పైకి ఎక్కాలంటే ఇకపై స్వదేశీయులు 7,50,000 రుపియా, విదేశీయులు 100 డాలర్లు కట్టాలి. స్కూలు పిల్లలకు 5,000 రుపియా. రోజుకు 1,200 మందికి మించి పైకి వదలరు. కింద ఆవరణలో తిరగడానికి పాత టికెట్టే, 50,000 రుపియా.

7,50,000 రుపియా అంటే అప్పటి మారకం లెక్కన మన డబ్బులో దాదాపు 4,000 రూపాయలు. ఇక్కడ కూర్చుని చూస్తే ఖరీదైన టికెట్టే కానీ ఘోరమేమీ కాదనిపిస్తుంది. అయితే ఆ ఏడాది మధ్య జావా రాష్ట్రంలో కనీస వేతనం నెలకు సుమారు 18 లక్షల రుపియా. తాతముత్తాతల నాటి కట్టడాన్ని ఎక్కి చూడటానికి ఒక కార్మికుడు నెల జీతంలో ఐదింట రెండు వంతులు పెట్టాలన్నమాట. భార్యతో కలిసి వెళ్తే ఆ నెల జీతంలో ఐదో వంతు కూడా మిగలదు. దేశమంతా గోల లేచింది. కొద్ది రోజుల్లోనే ప్రభుత్వం ధర పెంపును వాయిదా వేసింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఒక్క ప్రకటనలో రెండు వేర్వేరు పనిముట్లు ఉన్నాయి. ఒకటి ధర, రెండోది సంఖ్య. మనం జవాబులు రాసేటప్పుడు ఈ రెంటినీ కలిపేస్తాం. 'ముందున్న మార్గం' అని ఉపశీర్షిక పెట్టి, 'సుస్థిర పర్యాటకం', 'ధారణ సామర్థ్యం', 'భాగస్వాముల సమన్వయం' అని మూడు ముక్కలు రాసి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతాం. నేనూ అలాగే రాసేవాణ్ని. టెస్ట్ సిరీస్‌లో దానికి మార్కులూ వచ్చేవి. కానీ ధారణ సామర్థ్యం అన్న మాట వెనుక ఎవరో ఒకరిని గేటు దగ్గర ఆపడం ఉంటుంది. ఎవరిని ఆపుతున్నాం అన్నదే అసలు ప్రశ్న. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: పురాతన కట్టడాల దగ్గర ఆపాల్సి వస్తే సంఖ్యతో ఆపాలి, ధరతో కాదు.

ముందు బోరోబుదూర్‌కు అసలు జబ్బేమిటో చూద్దాం. ఇది మనం ఊహించుకునే గుడిలాంటిది కాదు. లోపల గది లేదు, మంటపం లేదు. 8, 9 శతాబ్దాల్లో శైలేంద్రుల కాలంలో ఒక సహజమైన గుట్టకు రాతి తొడుగు వేసినట్టు కట్టారు. కింద ఆరు చదరపు వేదికలు, పైన మూడు గుండ్రటి వేదికలు, వాటి మీద 72 జాలి స్తూపాలు, నడిమధ్య పెద్ద స్తూపం. మొత్తం 2,672 శిల్ప ఫలకాలు, 504 బుద్ధ విగ్రహాలు. భక్తుడు ప్రదక్షిణంగా నడుస్తూ కథలు చూస్తూ ఒక్కో అంతస్తూ ఎక్కాలి. అంటే ఇక్కడ కట్టడాన్ని చూడటం, కట్టడం మీద నడవటం రెండూ ఒకటే. తాజ్‌మహల్‌ని దూరం నుంచి చూసి తృప్తి పడవచ్చు. బోరోబుదూర్‌లో శిల్పాలు చదవాలంటే రాతి మీద పాదం పెట్టక తప్పదు.

ఆ రాయి యాండెసైట్, అగ్నిపర్వత శిల. దానికి మొదటి శత్రువు నీరు. గుట్టలోకి దిగిన వాన నీరు రాళ్ల వెనుక నుంచి నెట్టడంతో గోడలు ఒరిగిపోయాయి. 1975-82 మధ్య యునెస్కో సాయంతో పది లక్షలకు పైగా రాళ్లను విప్పి, శుభ్రం చేసి, లోపల నీరు పోయే ఏర్పాటు చేసి తిరిగి పేర్చారు. సివిల్ ఇంజినీరింగ్ చదివినవాళ్లు ఒకసారి ఆ పనుల వివరాలు వెతికి చదవండి, సిలబస్‌లో లేకపోయినా సరే. నీటి సంగతి అలా ఒక కొలిక్కి వచ్చాక మిగిలింది పాదం. నాలుగు దిక్కులా ఉన్న మెట్ల మీదుగానే అందరూ ఎక్కాలి, దిగాలి. చెప్పుల అట్టకు అంటుకున్న ఇసుక గరుకు కాగితంలా పనిచేస్తుంది. కరోనాకు ముందు రద్దీ రోజుల్లో దాదాపు 10,000 మంది ఎక్కేవారు. మెట్లు అరిగిపోయాయి.

ఇప్పుడు ఆలోచించండి. మెట్టు అరగడానికి కారణం పాదాల సంఖ్య, వాటి కింద ఉన్న చెప్పు, ఒకే చోట గుమిగూడిన జనం. 100 డాలర్లు కట్టినవాడి పాదం 5,000 రుపియా కట్టినవాడి పాదం కన్నా తేలిక కాదు. ధర పెంచితే జనం తగ్గుతారు కదా, ఫలితం ఒకటే కదా అని మీరు అనవచ్చు. కాదు. ధర పెంచితే ఎంతమంది తగ్గుతారో ముందుగా ఎవరూ చెప్పలేరు. అది డిమాండ్ వ్యాకోచత్వం మీద ఆధారపడుతుంది. సెలవుల్లో ఒక రకంగా, వానాకాలంలో ఇంకో రకంగా ఉంటుంది. సంఖ్య కడితే ఎంతమంది వస్తారో ముందే తెలుసు. మనకు కావలసింది సంఖ్య మీద అదుపు అయినప్పుడు సంఖ్యనే పట్టుకోవాలి గానీ, ధర అనే తోక పట్టుకుని ఈదడం ఎందుకు?

తర్వాత జరిగినదే దీనికి రుజువు. పైకి ఎక్కడం మళ్లీ మొదలైనప్పుడు 7,50,000 పోయింది, 1,200 నిలిచింది. గంటకు 150 మంది చొప్పున ఎనిమిది విడతలు. స్వదేశీ పెద్దలకు టికెట్టు 1,20,000 రుపియాగా పెట్టారు. వెంట గైడు తప్పనిసరి. ఇంకో మంచి పని చేశారు: పైకి వెళ్లేవాళ్లు తమ బూట్లు విప్పి, అక్కడిచ్చే మెత్తటి అల్లిక చెప్పులు వేసుకోవాలి. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లే వాటిని అల్లుతారు. పేరు 'ఉపానత్'. సంస్కృతంలో చెప్పుకు ఉన్న మాటే. ఆ స్తూపం శిల్పాల్లో కనిపించే పాదరక్షను చూసి తయారు చేశారట. జబ్బు చెప్పు అట్ట దగ్గర ఉంటే మందు అక్కడే వేశారు. ఈ మొత్తం ఏర్పాటులో ధర తగ్గినందువల్ల రాతికి నష్టమేమీ రాలేదు, ఎందుకంటే ధర అసలు ఆ పని చేయడం లేదు.

ధర వైపు వాదనను తేలిగ్గా తీసిపారేయలేం, నిజమే. డబ్బు వస్తుంది, ఆ డబ్బుతో మరమ్మతులు చేయవచ్చు. బ్లాకులో టికెట్లు అమ్ముకునే పని ఉండదు. నిజంగా చూడాలన్న కోరిక ఉన్నవాడే వస్తాడు అంటారు. ఈ చివరి మాట దగ్గర నాకు పేచీ. చెల్లించాలన్న ఇష్టం వేరు, చెల్లించగల స్తోమత వేరు. ఆర్థికశాస్త్రం మొదటి అధ్యాయంలోనే ఇది చదువుతాం, విధానాల దగ్గరికి వచ్చేసరికి మరిచిపోతాం.

దీన్ని ధర వైపు నుంచి పూర్తిగా ఆచరించిన దేశం భూటాన్. 2022లో సరిహద్దులు తిరిగి తెరిచినప్పుడు విదేశీ పర్యాటకుడి మీద రాత్రికి 65 డాలర్లుగా ఉన్న సుస్థిర అభివృద్ధి రుసుమును 200 డాలర్లు చేశారు. మన భారతీయులకు రాత్రికి 1,200 రూపాయలు. 2023 సెప్టెంబరులో 200ను 100కు దించారు. కొండలు ఒక్క ఏడాదిలో రెట్టింపు బరువు మోయగలిగే స్థితికి వచ్చాయా? లేదు, అనుకున్నంత మంది రాలేదు, హోటళ్లు నిండలేదు. భూటాన్‌ను తప్పుపట్టడం లేదు. ఏడెనిమిది లక్షల జనాభా ఉన్న దేశం తన గడప ఎవరు తొక్కాలో తను నిర్ణయించుకుంటుంది. ధర ఖజానా అవసరాన్ని బట్టి ఊగుతుంది, కట్టడం అవసరాన్ని బట్టి కాదు అని మాత్రమే నేను చెబుతున్నది.

మన రాజ్యాంగం వైపు వద్దాం, లేకపోతే ఇది వ్యాసం కాదంటారు. అధికరణ 49 ప్రకారం జాతీయ ప్రాముఖ్యత గల కట్టడాలను కాపాడటం రాజ్యం బాధ్యత. అది ఆదేశిక సూత్రం. 1976లో 42వ సవరణతో వచ్చిన 51ఎ(ఎఫ్) ప్రకారం మన ఉమ్మడి సంస్కృతి ఘన వారసత్వాన్ని గౌరవించి పరిరక్షించడం ప్రతి పౌరుడి విధి. రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. రాజ్యం కాపాడాలి, పౌరుడు గౌరవించాలి. గౌరవించమని విధి పెట్టి, చూడటానికి స్తోమత లేని ధర పెడితే ఆ విధి ఎవరికి మిగులుతుంది? ఈ లెక్కన తాజ్ దగ్గర భారతీయులకు 50 రూపాయలు, విదేశీయులకు 1,100 అన్న తేడా నాకు అన్యాయంగా కనిపించదు. ఆ కట్టడం ఖర్చు ఇక్కడి పన్ను చెల్లింపుదారుడు ఏటా మోస్తూనే ఉన్నాడు. లోపలి ప్రధాన సమాధికి 2018 చివర్లో పెట్టిన అదనపు 200 రూపాయల సంగతే వేరు. అది రద్దీ తగ్గించడానికి వేసిన ధర. 50 రూపాయలతో గేటు దాటిన కూలీ కుటుంబం లోపల అసలు చూడాల్సినదాని ముందు ఆగి, మనిషికి ఇంకో 200 పెట్టాలా అని లెక్క వేసుకోవాలి. అదే ఏడాది ఏప్రిల్‌లో పెట్టిన మూడు గంటల పరిమితి దీనికన్నా నయం. అది అందరికీ ఒకటే.

నా సంగతి ఒకటి చెబుతాను. తొమ్మిదో తరగతిలో ఉండగా మా స్కూలు వాళ్లు హంపికి తీసుకెళ్లారు. మాది అనంతపురం వైపు పల్లె. బస్సుకు, భోజనాలకు కలిపి అడిగిన డబ్బు దగ్గరే మా నాన్న రెండు రోజులు తటపటాయించారు. 15 ఏళ్ల లోపు పిల్లలకు పురావస్తు శాఖ కట్టడాల్లో టికెట్టు లేదు కాబట్టి సరిపోయింది. ఇంకో రెండు మూడు వందలు ఉంటే నేను వెళ్లేవాణ్ని కాదు. ఆ రోజు విఠల ఆలయం రాతి రథం ముందు నిలబడి చూసినందుకే ఆర్ట్ అండ్ కల్చర్ నాకు బట్టీ పట్టే సబ్జెక్టు కాకుండా పోయింది. ఇలాంటివాళ్లు మీలోనూ చాలామంది ఉంటారు.

అదే యాత్రలో విరూపాక్ష ఆలయం ముందున్న పొడవాటి వీధికి రెండు వైపులా ఖాళీగా నిలిచిన రాతి మంటపాలు చూశాం. రాయలవారి కాలంలో ఇక్కడ రత్నాలు రాశులు పోసి అమ్మేవారని మా సారు చెప్పారు. మూడేళ్ల ముందు వరకు ఆ మంటపాల్లోనే, వాటి వెనకే వందల కుటుంబాలు కాపురం ఉన్నాయని, దుకాణాలు, పూటకూళ్లు నడుపుకునేవని ఆయన చెప్పలేదు. నాకూ ఈ పరీక్షకు చదవడం మొదలుపెట్టాకే తెలిసింది. 2011 జూలైలో ఆ కట్టడాలను ఖాళీ చేయించి కూల్చేశారు. 300కు పైగా కుటుంబాలను కొన్ని కిలోమీటర్ల అవతల కద్దిరాంపురలో పునరావాసం పేరుతో పంపారు.

అధికారులకూ ఒక కారణం ఉంది. హంపి 1986లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. పక్కనే వంతెనలు కడుతున్నారని 1999లో ప్రమాదంలో ఉన్న వారసత్వ జాబితాకు ఎక్కింది, 2006లో గానీ బయటపడలేదు. విజయనగర కాలపు స్తంభాల మధ్య సిమెంటు గోడలు లేపి గదులు కట్టుకోవడం కట్టడానికి మంచిది కాదు, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ వీధి పుట్టిందే బజారుగా. ఆలయంలో నేటికీ పూజ జరుగుతోంది. గుడి ఉంది, గుడి ముందు వీధి ఉంది, వీధిలో మనుషులు లేరు. వారసత్వం అంటే రాళ్లు మాత్రమే అనుకుంటే ఇది విజయం. 2019లో నలుగురు యువకులు హంపి స్తంభాలను తోసి పడేస్తున్న వీడియో దేశమంతా తిరిగింది గుర్తుందా? కోర్టు వాళ్లకు 70,000 చొప్పున జరిమానా వేసి, ఆ స్తంభాలను వాళ్లతోనే తిరిగి నిలబెట్టించింది. ఊరి జనం కాపురం ఉన్న చోట పొద్దున్నే పరాయి కుర్రాళ్లు అలా స్తంభం తోయగలరా అని నాకు అనిపిస్తుంది. రుజువు చేయలేను, అనుమానం మాత్రమే.

కంబోడియాలోని అంకోర్‌లో ఇదే కథ ఇంకా పెద్ద ఎత్తున నడుస్తోంది. 400 చదరపు కిలోమీటర్ల ఆ పార్కు లోపల ఊళ్లున్నాయి, వరి పొలాలున్నాయి. లక్షకు పైగా జనం ఉన్నారు. సుమారు 10,000 కుటుంబాలను రున్ తా ఎక్, పీక్ స్నెంగ్ అనే కొత్త చోట్లకు తరలించే పని 2022 నుంచి ఊపందుకుంది. ఇష్టపడి వెళ్తున్నారని ప్రభుత్వం అంటోంది. ఇది బలవంతపు ఖాళీయే అని 2023 నవంబరులో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ నివేదిక ఇచ్చింది. వారసత్వ హోదా పోతుందన్న భయం చూపి ఖాళీ చేయించారన్నది అందులోని ఆరోపణ.

అంకోర్‌లోనే మెచ్చుకోదగ్గవీ ఉన్నాయి. కంబోడియన్లకు టికెట్టు లేదు. విదేశీయులకు 2017 ఫిబ్రవరిలో ఒక రోజు టికెట్టును 20 డాలర్ల నుంచి 37కు పెంచారు, అందులో 2 డాలర్లు పిల్లల ఆసుపత్రులకు వెళ్తాయి. సూర్యాస్తమయం చూసే బాఖెంగ్ గుట్ట మీదికి ఒకేసారి 300 మందినే వదులుతారు. అంకోర్ వాట్ పై అంతస్తుకు విడతకు 100 మంది. డాలరు ఎంత కట్టినా 101వ వాడు కింద నిలబడాల్సిందే. (అన్నట్టు, అదే అంకోర్ వాట్‌లో 1986-93 మధ్య పనిచేసింది మన పురావస్తు శాఖ. చెట్ల వేళ్లు చుట్టేసిన తా ప్రోమ్ పునరుద్ధరణలోనూ మనవాళ్లున్నారు. ప్రిలిమ్స్‌కు గుర్తుపెట్టుకోండి.)

ఇంతకీ ఆ సంఖ్య ఎవరు తేల్చాలి, ఎలా? 1,200 అయినా 300 అయినా ఆకాశం నుంచి ఊడిపడకూడదు. ఈ విషయంలో నాకు నచ్చినది చైనాలోని దున్‌హువాంగ్ దగ్గరి మొగావ్ గుహలు. ఎడారి అంచున బౌద్ధ కుడ్యచిత్రాలున్న గుహలవి. అక్కడ సమస్య పాదం కాదు, ఊపిరి. జనం లోపలికి వెళ్తే తేమ, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతాయి. తేమ ఒక హద్దు దాటితే రాతిలోని లవణాలు నీరు పీల్చి, ఆరినప్పుడు మళ్లీ గడ్డకట్టి రంగు పొరను లోపలి నుంచి తోస్తాయి. దున్‌హువాంగ్ అకాడమీ, గెట్టీ కన్సర్వేషన్ ఇన్‌స్టిట్యూట్‌తో కలిసి ఏళ్ల తరబడి గుహల్లో సెన్సార్లు పెట్టి కొలిచి, రోజుకు 3,000 మంది అని తేల్చింది. 2014లో బయట ఒక సందర్శక కేంద్రం కట్టి, ముందు అక్కడ రెండు సినిమాలు చూపించి, తర్వాత కొన్ని గుహలకే తీసుకెళ్లడంతో ఒక్కొక్కరు లోపల ఉండే సమయం తగ్గింది. పరిమితి 6,000కు పెరిగింది. చూశారా, గుహ మారలేదు, ఏర్పాటు మారితే సామర్థ్యం రెట్టింపైంది. మన అజంతాలోనూ ఈ తెలివి కొంత ఉంది. వాహనాలను నాలుగు కిలోమీటర్ల అవతలే ఆపి బస్సుల్లో తీసుకెళ్తారు, చిత్రాలున్న గుహల్లోకి విడతకు 40 మందినే అనుమతించాలన్న నియమం ఉంది.

ఇంజినీరింగ్‌లో దీన్ని పీక్ లోడ్ అంటాం. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయేది నెల మొత్తం వాడకం వల్ల కాదు, సాయంత్రం ఏడు గంటలకు అందరూ ఒకేసారి స్విచ్ వేయడం వల్ల. కట్టడాలదీ అంతే. ఏడాదికి ఎన్ని లక్షల మంది వచ్చారన్న పర్యాటక శాఖ లెక్క దేనికీ పనికిరాదు. ఆదివారం పదకొండు గంటలకు ఒక్క మంటపంలో ఎంతమంది ఉన్నారన్నది కావాలి.

కొండ ప్రాంతాలకు ఈ పద్ధతి మన దేశంలోనే మొదలైంది. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీ, కొడైకెనాల్‌కు ఈ-పాస్ పెట్టారు. మొదటి ఏడాది ఎవరినీ ఆపలేదు, కేవలం లెక్కపెట్టారు. 2025 ఏప్రిల్ నుంచి ఊటీకి మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 వాహనాలు అని హద్దు పెట్టారు. స్థానికులకు, ప్రభుత్వ బస్సులకు మినహాయింపు. ఈ మినహాయింపు దగ్గర నాకు ముచ్చటేసింది. కారు లేనివాడు బస్సెక్కి వెళ్తే అతన్ని ఎవరూ ఆపరు. వ్యాపారులు ధర్నాలు చేశారు, వాళ్ల భయం వాళ్లది.

ఇప్పుడు నా వాదనకు ఉన్న పెద్ద లోపం. దాన్ని దాచిపెట్టి రాస్తే మీరే పట్టుకుంటారు, ఎందుకంటే మనం తెలుగువాళ్లం, మనకు తిరుమల తెలుసు. ధర, సంఖ్య రెండూ పక్కపక్కనే నడిచే చోటు అది. ఉచిత సర్వదర్శనం ఉంది, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశం ఉంది, శ్రీవాణి ట్రస్టుకు 10,000 ఇస్తే దక్కే దర్శనం ఉంది. డబ్బు లేనివాడు కాలంతో చెల్లిస్తాడు. సంఖ్య కడితే సమానత్వం దానంతటదే రాదు. ఆన్‌లైన్‌లో కోటా వదిలిన నిమిషాల్లో ఎవరి నెట్ వేగంగా ఉంటే వాళ్లకే దొరుకుతుంది. క్యూ పెడితే, క్యూలో నిలబడగల ఓపిక, ఒళ్లు ఉన్నవాళ్లకే దొరుకుతుంది. 2025 జనవరిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం తిరుపతిలో జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. సంఖ్య కట్టడం చాలా మంచిదని ఏసీ లైబ్రరీలో కూర్చుని రాసే ముందు ఆ ఆరుగురినీ తలచుకోవాలి.

అయినా సంఖ్య వైపే ఉన్నాను. కారణం, క్యూను బాగు చేయవచ్చు. కొన్ని ఆర్జిత సేవలకు తిరుమలలోనే లక్కీ డిప్ ఉంది. లాటరీలో ఒక రైతుకూ ఒక పారిశ్రామికవేత్తకూ అవకాశం ఒకటే. విడతల్లో కొంత భాగం చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు, కొంత ప్రభుత్వ పాఠశాలలకు, కొంత ముందే బుక్ చేసుకోకుండా బస్సు దిగి వచ్చేవాళ్లకు పక్కన పెట్టవచ్చు. ధరను మాత్రం ఇలా బాగు చేయలేం. రాయితీలు ఇవ్వవచ్చు, కానీ ఎవరు పేదో గేటు దగ్గర నిరూపించుకోవాలి. రేషన్ కార్డు చూపించి గుడి చూడాలా?

డబ్బు ఎలా మరి అంటారు. మన దగ్గర పురావస్తు శాఖ టికెట్ల మీద వసూలైన సొమ్ము ఆ కట్టడం దగ్గర ఉండదు. అధికరణ 266 ప్రకారం భారత సంచిత నిధికి వెళ్తుంది, అక్కడి నుంచి బడ్జెట్ దారిలో తిరిగి రావాలి. కాబట్టి హంపిలో టికెట్టు రెట్టింపు చేస్తే హంపి మరమ్మతు నిధులు రెట్టింపవుతాయని ఎవరైనా అంటే, ఏ దారిలో అని అడగండి. ధర పెంచడానికి చెప్పే గట్టి కారణం మన వ్యవస్థలో సగం నీరుగారిపోతుంది.

మన ఇంటి దగ్గరికి వస్తే, పాలంపేట రామప్ప ఆలయం 2021 జూలైలో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించినది. గోతిలో ఇసుక నింపి దాని మీద లేపిన పునాది, నీటిలో తేలేంత తేలికైన ఇటుకలతో విమానం. ఆ ఇసుక పునాది మీద ఒక పక్కకు జనం బరువు, పక్క రోడ్డు మీద వాహనాల కుదుపు ఎంత వరకు తట్టుకుంటాయన్నది ఇంజినీర్లు తేల్చాల్సిన లెక్క. 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం కట్టడానికి 100 మీటర్లలో కొత్త నిర్మాణాలు నిషేధం, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. భవనాలకు హద్దు ఉంది. మనుషులకు ఇంకా లేదు. ఇక్కడ పూజ జరుగుతుంది కూడా, అందుకే పాలంపేట ఆడవాళ్లు పొద్దున దీపం పెట్టడానికి వస్తే వాళ్లను కోటాలో లెక్కించకూడదన్నది నా మాట. హంపిలో చేసిన తప్పు ఇక్కడ చేయకుండా ఉండటానికి ఇంకా సమయం ఉంది. ఎందుకంటే తాజ్ దగ్గర ఉన్నంత ఒత్తిడి ఇక్కడ ఇంకా లేదు, లెక్కపెట్టడానికి ఇదే అదను.

శివరాత్రి దాటాక ఒక మామూలు ఆదివారం నేనూ మా రూమ్మేటూ ములుగు బస్సెక్కి వెళ్దామనుకుంటున్నాం. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా మహామంటపంలో ప్రతి పావుగంటకు ఎంతమంది ఉన్నారో ఒక నోట్‌బుక్‌లో గీతలు గీసుకుని వస్తాం. మీలో ఎవరైనా వేయి స్తంభాల గుడి దగ్గరో, లేపాక్షి దగ్గరో ఉంటే అదే పని చేసి రాయండి, పక్కపక్కన పెట్టి చూద్దాం.